పెట్జల్ కనెక్ట్ అడ్జస్ట్ లాన్‌యార్డ్: బండ అంచున టాప్ రోప్ యాంకర్ కట్టే మనిషికి ఎంతవరకు ఆసరా?

టాప్ రోప్ పద్ధతిలో బండలు ఎక్కడం కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది, ప్రమాదమంతా ఎక్కేటప్పుడే ఉంటుందని అనుకుంటారు. తాడు పైన యాంకర్‌లోంచి (చెట్లకూ బండలకూ కట్టిన ఆధారం) వచ్చి, ఒక కొస ఎక్కేవారి నడుముకూ మరొక కొస కింద బిలే ఇచ్చేవారి (తాడు పట్టి ఆపేవారి) చేతికీ చేరిన తరువాత, చేయి జారినా కాలు జారినా మనిషి అడుగో రెండడుగులో దిగి తాడు మీద ఆగిపోతాడు. ఆ తాడును వేలాడదీయడానికి ముందు, ఒకరు పైకి వెళ్లి, అంచు దగ్గర కూర్చుని, వంగి, కిందికి తొంగి చూసి, ముడులు వేసి, కారబైనర్లు (తెరిచి మూసే లోహపు కొక్కేలు) బిగించే ఇరవై ముప్ఫై నిమిషాల సంగతి అలా కాదు. కింద ఎక్కబోయేవారి భద్రత కోసం పైన శ్రమపడుతున్న ఆ మనిషి తనను తాను దేనికీ కట్టుకోకపోతే, ఆ రోజు మొత్తంలో అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నది అతడే. పెట్జల్ కంపెనీ తయారుచేసే కనెక్ట్ అడ్జస్ట్ అనే లాన్‌యార్డ్‌ను, అంటే మనిషిని ఆధారానికి కట్టి ఉంచే పొట్టి తాడును, నేను రెండేళ్లుగా ప్రధానంగా ఈ పని కోసమే వాడుతున్నాను. ఈ సమీక్షలో దానిని ఆ కోణంలోనే చూస్తున్నాను.

నేను వాడే చోటు అమెరికా రాజధానికి దగ్గరలో, వర్జీనియా వైపు ఉన్న గ్రేట్ ఫాల్స్ పార్క్. పొటోమాక్ నది అక్కడ జలపాతాలుగా దూకి, మేథర్ గార్జ్ అనే ఇరుకైన రాతి లోయలోకి చొచ్చుకుపోతుంది. ఆ లోయకు వర్జీనియా వైపున్న నిట్టనిలువు గోడలు చాలాచోట్ల పదిహేను ఇరవై మీటర్ల ఎత్తు ఉంటాయి. కారు నిలిపిన చోటి నుంచి నడిచి వెళ్తే మనం చేరేది గోడ పైభాగానికే. అందువల్ల పైన చెట్లకూ పెద్ద బండలకూ యాంకర్ కట్టి తాడు కిందికి వదలడం అక్కడ మొదటినుంచీ అలవాటుగా వస్తున్న పద్ధతి. జూలియట్స్ బాల్కనీ, డైహెడ్రల్స్, బర్డ్స్ నెస్ట్ వంటి గోడల మీద వారాంతాల్లో తెలుగు మాటలు వినిపించడం ఇప్పుడు వింతేమీ కాదు, ఎందుకంటే చుట్టుపక్కల కౌంటీలలో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు జిమ్‌లో ఎక్కడం నేర్చుకుని, ఆ తరువాత అసలు రాయిని వెతుక్కుంటూ ఇక్కడికే వస్తున్నారు. జిమ్‌లో యాంకర్ ఎవరో ముందే కట్టి ఉంచుతారు. ఇక్కడ ఎవరికి వారే కట్టుకోవాలి. అంచు దగ్గర ఎలా మసలుకోవాలన్నది జిమ్‌లో నేర్చుకునే అవకాశమే లేదు.

అక్కడి రాయి అభ్రకం కలిసిన రూపాంతర శిల. వేల సంవత్సరాల నదీ ప్రవాహం దానిని చాలాచోట్ల నునుపు చేసింది. దాని మీద ఎండుటాకులు, ఇసుక, చలికాలం మొదలయ్యేసరికి పైన్ సూదులు పరుచుకుని ఉంటాయి. తడిసిన రోజున నడవడమే కష్టం, ఎండిన రోజున ఆకుల కింద ఏముందో కనిపించదు. మూడేళ్ల క్రితం అక్టోబరులో నేను యాంకర్ దాదాపు పూర్తిచేసి, తాడు కొస కింద నేలను తాకిందో లేదో చూడడానికి వంగినప్పుడు, ఎడమ కాలి కింద ఆకులు కదిలాయి. కూలబడ్డాను, మోకాలు రాతికి తగిలింది, కుడి పాదం అంచు దాటింది. చేతికి దొరికిన బండ పగులును పట్టుకుని వెనక్కి జరిగాను. కిందపడలేదు కనుక ఇది చెప్పగలుగుతున్నాను. ఆ సమయంలో నా దగ్గర స్లింగ్ (వలయంగా కుట్టిన పట్టీ) లేకపోలేదు. నూటఇరవై సెంటీమీటర్ల స్లింగ్ ఒకటి హార్నెస్‌కు (నడుముకూ తొడలకూ వేసుకునే పట్టీల సాధనం) కట్టే ఉంది, దాని చివర కారబైనర్ కూడా ఉంది. చెట్టు దగ్గర పనిచేసినంతసేపూ అది చెట్టుకే తగిలించి ఉంది. చెట్టు నుంచి అంచు నాలుగు మీటర్ల దూరం కనుక, స్లింగ్ అందక, దానిని విప్పి నడుముకు తగిలించుకుని అంచుకు వెళ్లాను. అంటే ఆసరా అవసరం లేని చోట కట్టుకుని, అవసరమైన చోట విప్పుకున్నాను.

లాన్‌యార్డ్ ఎంత బలమైనదని అడగడం కన్నా, దానిని విప్పాలనే ఆలోచన మనిషికి ఎన్నిసార్లు వస్తుందని అడగడం ముఖ్యమని నాకు అప్పటినుంచి అనిపిస్తోంది. మార్కెట్లో దొరికే ఏ మంచి లాన్‌యార్డ్ అయినా మనిషి బరువును సులువుగా మోస్తుంది. పొడవు సరిపోక, సర్దుకోవడానికి రెండు చేతులూ కావలసివచ్చి, ముడి విప్పి మళ్లీ వేయవలసివచ్చి, 'ఈ ఒక్క నిమిషమే కదా' అని మనిషి విప్పేసిన క్షణంలో దాని బలంతో పని ఉండదు. అందుకే ఈ వస్తువును ఎంత తేలికగా కట్టుకోవచ్చు, ఎంత తేలికగా సర్దుకోవచ్చు, చివరిదాకా విప్పకుండా ఎంతసేపు పనిచేసుకోవచ్చు అనే కొలతలతోనే చూశాను.

ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ నగరానికి దగ్గరలోని క్రోల్ కేంద్రంగా ఉన్న పెట్జల్ సంస్థను గుహాన్వేషకుడైన ఫెర్నాండ్ పెట్జల్ 1975లో స్థాపించాడు. తాళ్ల మీద వేలాడుతూ చేసే పనులకు కావలసిన పరికరాలలో ఆ సంస్థకు ప్రపంచమంతటా పేరుంది. కనెక్ట్ అడ్జస్ట్ చూడడానికి చాలా సాధారణమైన వస్తువు. ఒక డైనమిక్ (సాగే గుణమున్న) తాడు ముక్క, దాని మీద కదిలే అడ్జస్ట్ అనే చిన్న లోహపు పరికరం, అంతే. తాడు ఒక కొసను హార్నెస్ ముందు భాగంలో, ఎక్కే తాడు కట్టుకునే రెండు లూప్‌లలోంచి గర్త్ హిచ్ (కొసనున్న కన్నులోంచి తాడునే దూర్చి బిగించే ముడి) వేసి బిగించాలి. అడ్జస్ట్ పరికరానికి తాళం పడే కారబైనర్ ఒకటి తగిలించాలి. వేలాడుతున్న కొసను లాగితే లాన్‌యార్డ్ పొట్టిదవుతుంది. శరీరపు బరువును కాస్త తగ్గించి పరికరాన్ని కొంచెం వంచితే పొడవవుతుంది. పదిహేను సెంటీమీటర్ల నుంచి తొంభైఐదు సెంటీమీటర్ల వరకు ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. వ్యక్తిగత బిలే లాన్‌యార్డ్‌లకు యూరప్‌లో ఉన్న ఈఎన్ 17520 ప్రమాణానికి అనుగుణంగా దీనిని తయారుచేశారు. కారబైనర్‌ను నేను విడిగా కొన్నాను. రెండూ కలిపి వంద డాలర్లలోపే అయింది.

ఒక్క చేత్తో సర్దుకోగలగడమే దీనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం. అంచు దగ్గర రెండో చేతికి ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది: మాస్టర్ పాయింట్ (యాంకర్ తాళ్లు కలిసి ఎక్కే తాడును మోసే బిందువు) దగ్గర ముడిని పట్టుకోవాలి, తాడు కింద వేసిన తివాచీ ముక్క జరగకుండా చూడాలి, లేదా ఊరికే రాతిని పట్టుకుని ఉండాలి. అలాంటప్పుడు మిగిలిన చేత్తో కొసను లాగి, నడుము వెనక్కి ఆనించి, లాన్‌యార్డ్ బిగువుగా నిలిచాక ముందుకు వంగితే, కాళ్ల మీది భారం కొంత హార్నెస్ మీదికి వస్తుంది, శరీరం నిలకడగా ఉంటుంది. యాంకర్ మాస్టర్ పాయింట్ అంచు దాటి కిందికి వేలాడుతోందా, ఎక్కే తాడు రాతి మొనకు రాసుకుంటుందా అన్నది చూడాలంటే తల అంచు దాటించి చూడక తప్పదు. ఆ చూపు కోసమే చాలామంది ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. బిగువుగా పట్టిన లాన్‌యార్డ్ మీద వెనక్కి వాలి చూసే చూపుకూ, దేనికీ కట్టుకోకుండా మెడ చాచి చూసే చూపుకూ ఉన్న తేడా ఒక్కసారి అనుభవిస్తే తెలుస్తుంది. మొదటిదానిలో మనిషి నిదానంగా, పూర్తిగా చూస్తాడు, కనుక యాంకర్‌లోని పొరపాట్లు కూడా కంటపడతాయి.

దీనిని మిగతా సాధనాలతో పోల్చకుండా మంచిచెడులు చెప్పడం న్యాయం కాదు. పాతకాలపు డెయిజీ చెయిన్‌లను ఇప్పటికీ కొందరు ఇదే పనికి వాడుతున్నారు. ఒకే పొడవాటి పట్టీని వరుసగా కుట్టి చిన్నచిన్న లూప్‌లుగా విభజించిన సాధనం అది. కృత్రిమ ఆధారాల మీద ఎక్కేవారు మెట్టుమెట్టుగా శరీర బరువు మోపడానికి దానిని తయారుచేశారు. కొస నుంచి కొసకు పట్టీ బలంగానే ఉంటుంది, మధ్యలోని కుట్ల బలం మాత్రం అందులో చిన్న భాగమే. పొడవు తగ్గించుకోవడానికి ఒకే కారబైనర్‌ను రెండు లూప్‌లలో తగిలించిన మనిషి జారితే, ఆ రెంటి మధ్యనున్న కుట్టు ఊడి, కారబైనర్ పట్టీ నుంచి పూర్తిగా బయటికి వచ్చేసే అవకాశముంది. ఆ తప్పు చేసినవారికి తాము తప్పు చేశామని కనిపించదు, ఎందుకంటే చూడడానికి అంతా కట్టి ఉన్నట్టే ఉంటుంది. అంచు పనికి దానిని వాడవద్దని స్పష్టంగా చెబుతున్నాను.

ఆ లోపాన్ని సరిదిద్దడానికి మెటోలియస్ సంస్థ పర్సనల్ యాంకర్ సిస్టమ్ అనే గొలుసును తెచ్చింది. అందులో లూప్‌లు ఒకదానిలో ఒకటి గొలుసు కొక్కేల్లా చిక్కుకుని ఉంటాయి, ప్రతి లూప్ పూర్తి బలంతో ఉంటుంది, కనుక డెయిజీ చెయిన్ ప్రమాదం దీనిలో లేదు. మంచి సాధనమే, నా స్నేహితులు ఇద్దరు వాడుతున్నారు. లూప్‌కూ లూప్‌కూ మధ్య పొడవు దొరకదు కనుక బిగువు సరిగ్గా కుదరడం అరుదు, కొద్దిగానైనా వదులు మిగిలిపోతుంది. లూప్ మార్చుకోవాలంటే కారబైనర్‌ను ఒకసారి విప్పాలి. ఆ విప్పడమే నేను తప్పించుకోవాలనుకుంటున్నది.

డైనీమా అనే కృత్రిమ నూలుతో చేసిన పట్టీల (స్లింగ్‌ల) గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో ఎక్కువమంది నడుముకు కట్టుకుంటున్నది వాటినే. సన్నగా, తేలికగా, చాలా బలంగా ఉండే ఈ పట్టీలకు సాగే గుణం దాదాపు లేదు. చెట్టుకు కట్టిన చోటికి ఒక మీటరు దూరంలో, పట్టీ వదులుగా ఉండగా మనిషి నిలబడి, కాలు జారి ఆ మీటరు దూరమూ పడితే, ఆ పతనాన్ని ఆపేటప్పుడు పుట్టే బలాన్ని మింగడానికి పట్టీలో ఏమీ ఉండదు. ఆ దెబ్బంతా యాంకర్ మీదా హార్నెస్ మీదా వెన్నెముక మీదా పడుతుంది. బ్రిటన్‌కు చెందిన డీఎంఎం సంస్థ ఎనభై కిలోల బరువును ఇలాంటి పట్టీల మీద పడేసి చేసిన పరీక్షలలో, ముడి వేసిన డైనీమా పట్టీలు తెగిపోవడం చూపించింది. పొడవు తగ్గించుకోవడానికి స్లింగ్ మధ్యలో ముడి వేయడం ఎంత సాధారణమైన అలవాటో గుర్తు చేసుకుంటే దీని తీవ్రత అర్థమవుతుంది. కనెక్ట్ అడ్జస్ట్‌లోని తాడు డైనమిక్ కనుక కొంత సాగుతుంది, దెబ్బను కొంత తగ్గిస్తుంది. అలాగని దానిని పడిపోవడానికి అనుమతిగా తీసుకోకూడదు. తొంభై సెంటీమీటర్ల తాడు ఎంత సాగినా కొద్దిగానే సాగుతుంది. ఏ లాన్‌యార్డ్ అయినా బిగువుగా ఉండాలి, కట్టిన చోటు మన నడుము కన్నా పైన గానీ, కనీసం సమానంగా గానీ ఉండాలి. కట్టిన చోటును దాటి పైకి ఎక్కి, వదులు తాడుతో నిలబడకూడదు.

ఇప్పుడు ఈ వస్తువు చేయలేని పని దగ్గరికి వస్తున్నాను. దీనిని కొనాలనుకునేవారు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది ఇదే. తొంభైఐదు సెంటీమీటర్లతో చెట్టు నుంచి అంచుకు చేరలేరు. గ్రేట్ ఫాల్స్‌లో నేను కట్టే చెట్లు అంచుకు మూడు మీటర్ల నుంచి పది మీటర్ల వరకు వెనక ఉంటాయి. ఈ ఒక్క వస్తువునే నమ్ముకుని వెళ్తే, మూడేళ్ల క్రితం స్లింగ్‌తో నేను చేసిన పొరపాటునే ఎక్కువ ధర పెట్టి మళ్లీ చేసినట్టవుతుంది. ఏదైనా దుకాణంలో దీనిని 'యాంకర్ కట్టేటప్పటి భద్రతకు ఇది చాలు' అన్నట్టు చూపిస్తే ఆ మాటను నమ్మవద్దు. దూరాన్ని తాడు చూసుకోవాలి, దగ్గరను లాన్‌యార్డ్ చూసుకోవాలి. ఈ రెండూ కలిస్తేనే మనిషి చెట్టు దగ్గర కట్టుకున్నది అంచు దగ్గర విప్పకుండా పని పూర్తి చేయగలడు.

నేను అనుసరించే క్రమం ఇది. యాంకర్ కోసం తెచ్చిన స్టాటిక్ (సాగుడు తక్కువ) తాడును ముట్టుకోకముందే, పన్నెండు మీటర్ల విడి డైనమిక్ తాడు ఒకటి తీస్తాను. బతికి ఉన్న, వేళ్లు బలంగా నాటుకున్న, తొడంత లావున్న చెట్టును ఎంచుకుని, మొదలు దగ్గర తాడు చుట్టి, ఎనిమిది ఆకారపు ముడితో కడతాను. బెరడు దెబ్బతినకుండా కింద గుడ్డ వేస్తాను. ఆ తాడు మీద ఆరు మిల్లీమీటర్ల సన్నతాడుతో మూడు చుట్ల ప్రూసిక్ ముడి వేసి, దానిని తాళం పడే కారబైనర్‌తో హార్నెస్ బిలే లూప్‌కు (ముందువైపు మధ్యనుండే బలమైన వలయం) తగిలిస్తాను. చేత్తో జరిపితే జరిగి, బరువు పడితే తాడును గట్టిగా పట్టుకునే ముడి అది. అంచును దాటి జారిపోయే అవకాశం లేకుండా, అంచుకు చేరే పొడవు దగ్గర తాడులో పెద్ద ముడి ఒకటి ముందే వేసి ఉంచుతాను. ఇంతవరకు అంచుకు రెండు మీటర్ల వెనకే ఉంటాను. ఆ తరువాతే ప్రూసిక్‌ను జరుపుకుంటూ ముందుకు నడుస్తాను. పని చేయవలసిన చోటు తెలిశాక, నాకు కాస్త వెనకగా అదే తాడులో ఎనిమిది ఆకారపు లూప్ వేసి, కనెక్ట్ అడ్జస్ట్ కారబైనర్‌ను అందులో తగిలించి, కొసను లాగి బిగిస్తాను. అక్కడినుంచి పనంతా దాని మీదే నడుస్తుంది, ప్రూసిక్ రెండో ఆధారంగా అలాగే ఉంటుంది. ప్రూసిక్‌తో మాత్రమే చేయలేమా అంటే చేయవచ్చు, కానీ బరువు పడి బిగుసుకున్న ప్రూసిక్‌ను పది సెంటీమీటర్లు ఇటు, పది అటు జరుపుకోవడానికి పెనుగులాడాలి. వంగినప్పుడల్లా, లేచినప్పుడల్లా ఆ చిన్న సర్దుబాటు కావాలి. అక్కడే ఈ వస్తువు తన ధరకు తగిన పని చేస్తుంది.

నన్ను కట్టుకునే తాడును యాంకర్‌లో భాగం చేయకపోవడానికి కారణముంది. యాంకర్ కడుతున్నప్పుడు దాని ముడులు విప్పుతాం, జరుపుతాం, కోణం సరిచేస్తాం. మన ప్రాణం దాని మీదే ఉంటే ఏదో ఒక దశలో మనం ఆధారపడిన ముడినే మనం విప్పే పరిస్థితి వస్తుంది. విడి తాడు ఉంటే ఆ గందరగోళానికి తావుండదు.

యాంకర్ సంగతి క్లుప్తంగా చెబుతాను. సాగుడు తక్కువగా ఉండే పదకొండు మిల్లీమీటర్ల స్టాటిక్ తాడు వాడతాను. అలాంటి తాళ్లకు యూరప్ ప్రమాణమైన ఈఎన్ 1891 సాగుడును అయిదు శాతానికి మించనివ్వదు, అందులో ‘టైప్ ఎ’ తాడుకు కనీసం ఇరవైరెండు కిలోన్యూటన్ల బలం ఉండాలంటుంది. ఒక కిలోన్యూటన్ అంటే దాదాపు నూరు కిలోల బరువు. యాంకర్ రెండు వేర్వేరు చెట్లకు ఉండాలి. ఆ చెట్లకు వెళ్లే రెండు తాళ్ల (యాంకర్ కాళ్ల) మధ్య కోణం అరవై డిగ్రీలకు మించకపోతే మంచిది, అప్పుడు ఒక్కో కాలు మీద మొత్తం భారంలో దాదాపు యాభైఎనిమిది శాతం పడుతుంది. కోణం నూటఇరవైకి చేరితే ఒక్కో కాలు మీదా పూర్తి భారం పడుతుంది, రెండు కాళ్లున్న ప్రయోజనం పోతుంది. మాస్టర్ పాయింట్ అంచు దాటి వేలాడాలి, అందులో తాళం పడే కారబైనర్లు రెండు ఎదురుబొదురుగా ఉండాలి. తాడు రాతికి తగిలే చోట తివాచీ ముక్కో పాత నీళ్ల గొట్టమో వేయాలి. ఎక్కేవారి బరువూ బిలే ఇచ్చేవారి బరువూ కలిసి ఆ బిందువు మీద పడతాయని మరిచిపోకూడదు.

ఈ వస్తువులో నాకు నచ్చని విషయాలు లేకపోలేదు. పూర్తి బరువు మోపి ఉన్నప్పుడు దీనిని పొడవు చేయడం అంత మృదువుగా జరగదు. కాళ్ల మీద కాస్త లేచి, బరువు తగ్గించి, ఆ తరువాతే పరికరాన్ని వంచాలి, లేకపోతే అది ఒక్కసారిగా వదిలి కుదుపుతుంది. మొదటి నెలలో రెండుసార్లు అలా అయింది. అందుకే కొన్నవారు ముందుగా నేల మీద, ఇంటి దగ్గర పార్కులో చెట్టుకు కట్టుకుని ఒక గంట అలవాటు చేసుకోవాలని నా సూచన. రెండోది, లాన్‌యార్డ్‌ను పొట్టి చేసినప్పుడు కొస దాదాపు మోకాలిదాకా వేలాడుతుంది. పొదలలో నడిచేటప్పుడు చిక్కుకుంటుంది, కారబైనర్‌లో ఇరుక్కుంటుంది. నడిచేటప్పుడు చుట్టి పక్కన పెట్టుకోవాలి. మూడోది, హార్నెస్ ముందు లూప్‌లలో గర్త్ హిచ్ ఎప్పటికీ అలాగే ఉంచేస్తే, అక్కడి గుడ్డ అరుగుదల కనపడకుండా దాగిపోతుంది. రోజు పూర్తయ్యాక నేను విప్పేసి ఆ చోటును వేలితో తడిమి చూస్తాను. ఇవి వస్తువును వద్దనుకోవలసినంత లోపాలు కావు, కానీ తెలియకుండా వాడితే ఇబ్బంది పెట్టేవే.

కొత్తవారిలో నేను చూసిన పొరపాటు ఒకటుంది, అది వస్తువుది కాదు. లాన్‌యార్డ్ కారబైనర్‌ను పని లేనప్పుడు హార్నెస్ పక్కనున్న, పరికరాలు తగిలించుకునే లూప్‌కు తగిలించి ఉంచడం సహజం. తొందరలో యాంకర్ తాడును కూడా ఆ లూప్‌కే తగిలించి, కట్టుకున్నామని భ్రమపడిన వారిని నేను ఆపవలసివచ్చింది. ఆ లూప్ మనిషి బరువు కోసం చేసినది కాదు. అందుకే మా జట్టులో ఒక నియమం పెట్టుకున్నాం. అంచుకు రెండు మీటర్లలోపు అడుగుపెట్టేవారు ఆగి, లాన్‌యార్డ్‌ను నడుముతో గట్టిగా ఒకసారి లాగి, కారబైనర్ తాళం చేత్తో తిప్పి చూసి, 'కట్టుకున్నాను' అని పైకి వినిపించేలా అనాలి. పక్కనున్నవారు కళ్లతో చూసి 'చూశాను' అనాలి. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఎంఎస్ చదువుతున్న కుర్రవాడు మా జట్టులో అందరికన్నా చిన్నవాడు. నేను ఒకసారి మరిచిపోయి ముందుకు వెళ్లబోతుంటే 'అన్నా, కట్టుకున్నారా?' అని అడిగాడు. కట్టుకోలేదు. ఆ కుర్రవాడికి ఆ రోజు నేను చెప్పిన కృతజ్ఞత ఇక్కడ మరోసారి చెబుతున్నాను.

గ్రేట్ ఫాల్స్‌లో అంచు వెంబడి రివర్ ట్రైల్ అనే కాలిబాట ఉంది. నడిచేవారు, పిల్లలు, కుక్కలు ఆ దారినే వస్తారు. చెట్ల మధ్య నేలకు దగ్గరగా బిగువుగా సాగిన తాళ్లను చూసుకోక ఎవరైనా కాలు తగిలించుకోవచ్చు, కుతూహలంతో ముట్టుకోవచ్చు కూడా. కట్టుకునే తాడును బాటకు అడ్డంగా వేయకపోవడం, వేయక తప్పనప్పుడు పైన ఒకరు నిలబడి ఉండడం మా అలవాటు. తాడు కిందికి విసిరే ముందు 'రోప్' అని గట్టిగా అరిచి, కింద నుంచి జవాబు వచ్చేదాకా ఆగుతాం. విసిరే ఊపులోనే శరీరం ముందుకు వెళ్తుంది కనుక, విసిరేటప్పుడు లాన్‌యార్డ్‌ను వీలైనంత పొట్టి చేసుకోవడం నేర్చుకోవాలి. ఈ పరికరంతో అది ఒక్క లాగుతో అయిపోతుంది.

తెలంగాణలో బండలు ఎక్కేవారికి ఇది ఎలా పనికివస్తుందని నన్ను హైదరాబాదు నుంచి ఒక బంధువు అడిగారు. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఎక్కిన ఆనంద్ కుమార్ తొలి శిక్షణ పొందినది భువనగిరి కోట బండ మీద అని మనందరికీ తెలిసిన విషయమే. ఆ బండను చూసినవారికి తేడా వెంటనే అర్థమవుతుంది. గ్రేట్ ఫాల్స్‌లో అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, ఎక్కడ ఆగాలో కంటికి తెలుస్తుంది. మన గ్రానైట్ గుండ్లకు అంచు అనేదే ఉండదు. పైన చదునుగా మొదలై, కొద్దికొద్దిగా వాలుతూ, ఎక్కడ ప్రమాదం మొదలైందో తెలియకుండానే మనిషిని కిందికి తీసుకుపోతుంది. పైన చెట్లు కూడా తక్కువ. అలాంటి చోట కట్టుకునే తాడు పన్నెండు మీటర్లు చాలదు, ఇరవై అయిదో ముప్ఫయ్యో కావాలి, వాలు మొదలయ్యే చోటికి చాలా వెనకనే కట్టుకోవడం మొదలుపెట్టాలి. లాన్‌యార్డ్ అక్కడ కూడా ఉపయోగపడుతుంది, కానీ దాని వంతు ఇంకా చిన్నదవుతుంది, తాడుదీ ప్రూసిక్‌దీ పెద్దదవుతుంది. డబ్బు పరిమితంగా ఉంటే అక్కడివారు ముందు తాడు కొనాలని నేను సలహా ఇచ్చాను.

ఆ మాట ఇక్కడివారికి కూడా చెబుతాను. లాన్‌యార్డ్ కొనే స్తోమత లేని విద్యార్థులు, తమ దగ్గరున్న డైనమిక్ తాడుతోనే చెట్టుకు కట్టుకుని, హార్నెస్ కారబైనర్‌కు క్లోవ్ హిచ్ (రెండు చుట్ల ముడి) వేసుకుంటే భద్రతలో ఏమీ తగ్గరు. ఆ ముడి కారబైనర్ మీదినుంచి విప్పకుండానే పొడవు సర్దుకోనిస్తుంది, ఖర్చు లేదు, దూరం సమస్య కూడా లేదు. రెండు చేతులూ కావాలి, ముడి సరిగ్గా పడిందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి, అంతే. ఏటా పది పదిహేను సార్లు యాంకర్ కట్టేవారికి, ముఖ్యంగా ఇతరులకు కట్టిపెట్టే బాధ్యత తీసుకునేవారికి కనెక్ట్ అడ్జస్ట్ కొనమని చెబుతాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లేవారు ఆ డబ్బును మంచి శిక్షకుని దగ్గర ఒక రోజు యాంకర్ పాఠానికి కట్టడం మేలు.

ఇదే కంపెనీ రెండు చేతులున్న డ్యూయల్ కనెక్ట్ అడ్జస్ట్ కూడా అమ్ముతుంది. రాపెల్ చేస్తూ (తాడు మీద జారుతూ) యాంకర్ నుంచి యాంకర్‌కు దిగేవారికి అది అవసరం. పైనుంచి యాంకర్ కట్టి నడిచి కిందికి దిగే మనవంటి వారికి ఒక్క చేయి ఉన్నది చాలు. కొన్న రోజున దాని మీది లేబుల్‌పై ఉన్న తయారీ సంవత్సరాన్ని రాసిపెట్టుకోండి. ఇలాంటి వస్త్ర పరికరాలకు పెట్జల్ ఇచ్చే గరిష్ఠ ఆయుష్షు తయారైన నాటి నుంచి పదేళ్లు. గట్టి పతనం జరిగినా, తాడు పైతొడుగు చిరిగినా, అడ్జస్ట్ పరికరం కింద తాడు అరిగి బొచ్చు లేచినా అంతకుముందే పక్కన పెట్టాలి. నాది రెండేళ్లకు పరికరం తరచూ ఆగే చోట కొంచెం బొచ్చు లేచింది. వచ్చే వసంతంలో సీజన్ మొదలయ్యేలోపు కొత్తది కొంటున్నాను, మళ్లీ ఇదే.